బొమ్మరైళ్ల హార్న్‌బీ

ఖమ్మము మీదుగా రైలులో భద్రాచలమునకు పోవు యాత్రికులు డోర్నకలు కూడలి కడ దారి మారి, కారేపల్లి మీదుగా కొత్తగూడెము చేరుదురు. ఆ స్టేషనునకు భద్రాచలం రోడ్ అని పేరు. పేరు భద్రాచలముదే కాని, శ్రీరాముని కోవెల గల ఆ పుణ్యక్షేత్రము అచటికి దాదాపు 40 కిలోమీటర్ల దూరమున, అడవులను దాటి, గోదావరికి ఆవలి ఒడ్డున కలదు. యాత్రికుల బండ్ల కంటె బొగ్గుబండ్లకే ఈ స్టేషను మిక్కిలి ప్రసిద్ధము. 1871లో ఇల్లెందు ప్రాంతమున నేలబొగ్గు కలదని తెలిసిన నాటి నుండి ఈ సీమకును రైలునకును విడదీయరాని సంబంధము ఏర్పడినది. ఇచటి బొగ్గు ఎన్నో ఏండ్లపాటు ఆవిరి ఇంజనుల కడుపు నింపినది. ఆవిరి ఇంజనుల కాలము గడచిపోయినను బొగ్గును మోయు బండ్లు నేటికిని ఇచట సాగుచునే యున్నవి.

ఇట్టి చోట పెరుగు బాలురు రైలుబండి ఆట ఆడకుండ ఉందురా? ఖాళీ అగ్గిపెట్టెలను వరుసగా దారముతో కట్టి, సీసామూతలను చక్రములుగా అమర్చి, ముందొక డబ్బా నిలిపి, ఇంజను కూత తామే కూయుచు వీధి పొడవునను లాగుకొనిపోవుదురు. ఆ ఆట యందలి ఆనందమునకు కొదువ లేదు. ఐనను ఆ బండిని తదేకముగా చూచినచో ఒక లోటు కనబడును. అందు పొగగొట్టము బాయిలరంత లావుగా నుండును. పెట్టెకంటె చక్రము పెద్దదిగా నుండును. దానిని చూచి ఇది రైలని గ్రహింపగలము గాని, అసలు రైలు ఎట్లుండునో దాని వలన తెలిసికొనజాలము. పెద్ద వస్తువును చిన్నదిగా చేయునపుడు దాని భాగములన్నియు ఒకే పాలున తగ్గవలెను. ఒకటి ఎక్కువగను మరియొకటి తక్కువగను తగ్గినచో రూపము చెడును. బొమ్మకు ప్రాణము కొలత.

ఈ కొలతను పిల్లల చేతికి అందించుటకై కృషి చేసినవారిలో ముఖ్యుడు ఫ్రాంక్ హార్న్‌బీ. ఆయన ఇంజనీరు కాడు. గొప్ప చదువులు చదివినవాడు కాడు. జీవితములో ఎన్నో ఏండ్లు పద్దులు వ్రాయు గుమాస్తాగా గడపినవాడు. అట్టివాడు తన పేరు ప్రపంచమందలి పిల్లలందరికి పరిచితమగునట్లు ఎట్లు చేసికొనెనో తెలిసికొనుట మనకు లాభకరము.

ఫ్రాంక్ హార్న్‌బీ ఇంగ్లండు దేశమునందలి లివర్పూలు నగరమున 1863వ సంవత్సరము మే 15వ తేదీన జన్మించెను. లివర్పూలు గొప్ప రేవుపట్టణము. రైళ్ల చరిత్రలోను దానికి ఒక స్థానము కలదు. ఆవిరి ఇంజనులతో ప్రయాణికులను ఒక నగరము నుండి మరియొక నగరమునకు చేర్చిన తొలి రైలుమార్గము 1830లో లివర్పూలు, మాంచెస్టరు నగరముల నడుమనే ప్రారంభమైనది. రేవున ఓడల సరకును ఎత్తి దించు క్రేనులు, వంతెనలు, ఇంజనులు బాల్యము నుండియు హార్న్‌బీ కన్నులయెదుట నుండెడివి. ఆయన తండ్రి ఆహారపదార్థముల వర్తకుడు. కుమారుడు పదునారవయేట బడి విడిచి, తండ్రి వ్యాపారములో డబ్బు లెక్కలు చూచుకొను గుమాస్తాగా చేరెను.

చదువు అంతటితో ఆగినను పుస్తకపఠనము ఆగలేదు. స్వయంకృషితో పైకి వచ్చిన యంత్రనిర్మాతల చరిత్రలను వర్ణించు శామ్యూల్ స్మైల్స్ గ్రంథము బాలుని మనస్సునకు హత్తుకొనెను. తానును ఏదో ఒక నూతన యంత్రమును కనుగొనవలెనని అతడు ఉవ్విళ్లూరెను. మొదట అతడు పూనుకొన్నది నిరంతరము తనంత తానే తిరుగు యంత్రమును నిర్మించు పని! బొగ్గు గాని, నీటి వేగము గాని, గాలి గాని, మనుష్యుని బలము గాని లేకయే ఎల్లకాలము తిరుగు యంత్రము ఈ ప్రకృతిలో సాధ్యము కాదు. శక్తి శూన్యము నుండి పుట్టదు. ఆ సంగతి తెలియక ఎందరో పెద్దలే ఆయాసపడి విఫలులైరి. బాలుడైన హార్న్‌బీ విఫలుడగుటలో వింత లేదు. కాని ఆ వృథాప్రయాసలో అతని చేతికి పనిముట్లు అలవడెను. ఓటమి వలన గూడ విద్య అబ్బుననుటకు ఇది నిదర్శనము.

1887లో హార్న్‌బీ క్లారా గాడ్‌ఫ్రాయి అను ఉపాధ్యాయినిని వివాహమాడెను. వారికి రోలండు, డగ్లసు అను ఇద్దరు కుమారులును, ఒక కుమార్తెయు కలిగిరి. 1899లో తండ్రి మరణించుటతో ఆ వ్యాపారము మూతపడెను. అప్పటికి హార్న్‌బీ వయస్సు ముప్పదియారు. కుటుంబభారము మీదనున్నది, ఆస్తి లేదు. ఆయన డేవిడ్ ఎలియట్ అను మాంసము దిగుమతి వర్తకుని కడ పద్దులు వ్రాయు ఉద్యోగమున కుదిరెను. పగలంతయు అంకెలతో గడచెడిది. సాయంకాలము ఇంటికి చేరిన పిమ్మట కుమారులిద్దరి యెదుట చిన్న పనిబల్ల వేసికొని, రేకులు కత్తిరించి, వారికి వంతెనలు, బండ్లు, క్రేనులు చేసి యిచ్చుట ఆయనకు విశ్రాంతిగా నుండెడిది.

ఆ పనిలో ఒక చిక్కు కనబడెను. ఒక క్రేనునకు కత్తిరించిన భాగము మరియొక బండికి పనికి వచ్చెడిది కాదు. ఒక బొమ్మతో పిల్లలు విసిగినచో అది పెంటకుప్ప పాలు కావలసినదే. మరల క్రొత్త రేకు, క్రొత్త శ్రమ. ఈ వృథాను తప్పించు మార్గమేమి? ఆయన చాలకాలము ఆలోచించెను. తుదకు ఆయనకు తోచిన ఉపాయము ఎంత తేలికయైనదో చూడుడు! అర అంగుళము వెడల్పు గల రేకుబద్దలు చేసి, వాని పొడవునను సరిగా అర అంగుళమునకు ఒకటి చొప్పున రంధ్రములు పొడిచెను. బద్దలు పొట్టివి కావచ్చును, పొడుగువి కావచ్చును. రంధ్రముల నడిమి దూరము మాత్రము ఎన్నడును మారదు. చక్రములకును, ఇరుసులకును, కప్పులకును అదే కొలత. కనుక ఏ బద్దనైనను ఏ బద్దతోనైనను చిన్న నట్టుతో, బోల్టుతో బిగింపవచ్చును. నేడు వంతెనగా నిలిచిన భాగములే రేపు విడదీసినచో క్రేను కాగలవు. ఎల్లుండి బండి కాగలవు.

ఇందు ఇనుము క్రొత్తది కాదు. నట్టు క్రొత్తది కాదు. బోల్టు క్రొత్తది కాదు. క్రొత్తది కొలత యందలి నియమము ఒక్కటే. దినమంతయు పద్దులు సరిచూచు గుమాస్తాకు ఈ నియమము సహజముగా అబ్బెనేమో! ఒక్క అణా తేడా వచ్చినను పద్దు కుదరదు. ఒక్క రంధ్రము తప్పినను బొమ్మ కుదరదు.

తాను కనుగొన్న విధానమునకు పేటెంటు హక్కు పొందవలెనని హార్న్‌బీ తలచెను. దానికి రుసుము కట్టవలెను. అంత సొమ్ము ఆయన కడ లేదు. తన యజమానియైన ఎలియట్‌కు సంగతి విన్నవించి అయిదు పౌనుల అప్పు కోరెను. గుమాస్తా చేయు బొమ్మలకు అప్పేమిటని ఎలియట్ నవ్వి ఊరకుండలేదు. సొమ్ము ఇచ్చుటయే గాక పిదప వ్యాపారమున భాగస్వామియై, తన కార్యాలయము ప్రక్కనే పని చేసికొనుటకు చోటు గూడ చూపెను. 1901లో పేటెంటు లభించెను. ఆ వేళ ఆ అయిదు పౌనులు దొరకకున్నచో హార్న్‌బీ తలపు ఆ పనిబల్ల మీదనే నిలిచిపోయెడిదేమో.

1902లో ఆ పెట్టెలు అంగళ్లకు వచ్చెను. యంత్రశాస్త్రము సులభముగా నేర్పు సాధనమను అర్థము వచ్చునట్లు వానికి పేరు పెట్టబడెను. పెట్టెలో పదునారు రకముల భాగములును, పండ్రెండు బొమ్మలు చేయు విధమును తెలుపు చిన్న పత్రమును ఉండెడివి. వెల ఏడున్నర షిల్లింగులు. ఆ దినములలో సామాన్యునికి అది చిన్న సొమ్ము కాదు. బద్దలు మోటుగా నుండెడివి. అమ్మకము మందముగా సాగెను. మొదటి ఏండ్లలో లాభము కనబడలేదు. అప్పుడు లివర్పూలు విశ్వవిద్యాలయమున ఇంజనీరింగు శాఖాధిపతిగా నుండిన హేలీ-షా అను ఆచార్యుడు ఈ బొమ్మలను పరీక్షించి, ఇవి విద్యకు తోడ్పడునని మెచ్చుకొనెను. ఆ మెప్పు హార్న్‌బీకి గొప్ప బలమయ్యెను.

క్రమముగా గిరాకి పెరిగెను. భాగములను చేసి యిచ్చు ఇతర కర్మాగారములు కోరినన్ని అందింపలేకపోయెను. 1907లో హార్న్‌బీ ఒక సాహసము చేసెను. నెలజీతము గల ఉద్యోగమును విడిచి, అప్పు చేసి, ఒక చిన్న పనిశాలను స్థాపించి, భాగములను తానే తయారుచేయ మొదలిడెను. అప్పటికి ఆయన వయస్సు నలువదినాలుగు. భార్యాబిడ్డలు గల గుమాస్తా స్థిరమైన జీతమును వదలి బొమ్మలను నమ్ముకొనుట లోకులకు అవివేకముగా తోచియుండవచ్చును. ఆ సంవత్సరముననే ఆ బొమ్మలకు మెకానో అను పొట్టి పేరు పెట్టి రిజిస్టరు చేయించెను. మరుసటి యేట మెకానో కంపెనీ ఏర్పడెను. ఎలియట్ ఆ క్రొత్త కంపెనీలో చేరలేదు. హార్న్‌బీ ఒక్కడే ముందునకు సాగెను. 1914లో లివర్పూలు నగరమున బిన్స్ రోడ్డు అను చోట పెద్ద కర్మాగారము వెలసెను. 1916 నుండి పిల్లల కొరకు మెకానో పత్రిక వెలువడెను. బొమ్మ నమ్మినంత మాత్రమున తన పని తీరెనని ఆయన అనుకొనలేదు. వంతెనలు, ఓడలు, ఇంజనులు ఎట్లు పనిచేయునో పిల్లలకు తెలియజెప్పుట గూడ తన విధియే యని తలచెను.

ఇక రైళ్ల కథ. మొదటి ప్రపంచయుద్ధమునకు పూర్వము బొమ్మరైళ్లు చేయుటలో జర్మనులదే పైచేయి. మార్క్లిన్ అను జర్మను సంస్థ 1891లో లైప్జిగు సంతలో బొమ్మపట్టాల పరిమాణములకు అంకెలు ఏర్పరచి చూపెను. ఆ అంకెలలో 1వ గేజి చిన్నది. పిదప దానికంటె చిన్నది కావలసి వచ్చినపుడు దానికి సున్న అని పేరు పెట్టిరి. మరికొంత కాలమునకు ఇంకను చిన్నవి పుట్టగా ఒకదానికి సున్నలో సగమనియు, మరియొకదానికి రెండు సున్నలనియు పేళ్లు వచ్చెను. రెండు సున్నలు కలిసినను విలువ సున్నయే గదాయని మీరు నవ్వవచ్చును. కాని బొమ్మరైళ్ల లోకమున సున్నకు సున్న చేరిన కొలదియు బండి చిన్నదగును!

యుద్ధకాలమున జర్మను బొమ్మలు ఇంగ్లండునకు వచ్చుట ఆగిపోయెను. యుద్ధము ముగిసిన పిమ్మట 1920లో హార్న్‌బీ తన పేరుతో సున్న గేజి రైళ్లను వెలువరించెను. మన సీమయందలి బొగ్గుగనుల సంస్థ సింగరేణి కాలరీస్ అను పేరు దాల్చినదియు ఆ యేడే. హార్న్‌బీ తొలి ఇంజను బొగ్గుతో గాక స్ప్రింగుతో నడచెడిది. గడియారమునకు వలె తాళపుచెవి త్రిప్పి విడిచినచో, చుట్టుకొన్న స్ప్రింగు విప్పుకొనుచు పండ్ల చక్రములను త్రిప్పును. వానితో ఇంజను పరుగెత్తును. మెకానో బొమ్మల వలెనే ఆ తొలి రైళ్లను గూడ నట్లు విప్పి, మరల బిగింపవచ్చును. చెడిపోయిన భాగమును తీసి క్రొత్తది అమర్చుకొనవచ్చును. 1925లో విద్యుచ్ఛక్తితో నడచు రైలు వచ్చెను. మొదట అది ఇంటి కరెంటుతోనే నడచెడిది. పిల్లల ఆటకు అది ప్రమాదకరము. కనుక పిదప తక్కువ వోల్టుల మోటారులు వాడుకలోనికి వచ్చెను.

ఇచట మనము రెండు మాటలను వేరువేరుగా గ్రహింపవలెను. ఒకటి గేజి, రెండవది స్కేలు. పట్టాల లోపలి అంచుల నడిమి దూరము గేజి. అసలు వస్తువు బొమ్మకంటె ఎన్ని రెట్లు పెద్దదో తెలుపు నిష్పత్తి స్కేలు. దేశపటము క్రింద స్కేలు వ్రాయుదురు గదా, ఇదియు అట్టిదే. హార్న్‌బీ సున్న గేజి పట్టాల నడిమి దూరము 32 మిల్లీమీటర్లు. ఇంగ్లండులో ఆ పట్టాలకు తగిన స్కేలు, అసలు రైలులో ఒక అడుగునకు బొమ్మలో 7 మిల్లీమీటర్లు. అనగా బొమ్మకంటె అసలుది దాదాపు 43న్నర రెట్లు పెద్దది.

మరి హార్న్‌బీ తొలి రైళ్లు ఈ స్కేలును తప్పక పాటించినవా? లేదు. పట్టాల వెడల్పు సరిగానే యుండెను గాని, వాని పైని బండ్లు అంత నికరమైన కొలతతో చేయబడలేదు. ఇంగ్లండులోని రైలుకంపెనీలు 1923లో నాలుగు పెద్ద కంపెనీలుగా కలిసిపోయెను. హార్న్‌బీ కర్మాగారము ఒకే అచ్చున చేసిన ఇంజనునకే నాలుగు రంగులు పూసి నాలుగు కంపెనీల ఇంజనులుగా అమ్మెను. అసలు ఇంజనులు ఒకదానితో ఒకటి పోలియుండెడివి కావు. అర అంగుళపు నియమమును ప్రాణప్రదముగా చూచుకొన్న మనుష్యుడు రైళ్ల విషయమున ఇట్లు సడలించుటకు కారణము వెల. ఒక్కొక్క ఇంజనునకు వేరు అచ్చు చేయించినచో బొమ్మ వెల పెరుగును. సామాన్యుల పిల్లలకు అది అందదు. పిల్లవానికి నిజమైన కొలత కావలెనా, చేతికందు బొమ్మ కావలెనా అను ప్రశ్నకు హార్న్‌బీ రెండవదానిని ఎన్నుకొనెను. ఇది లోపమే. ఐనను దీని వెనుక నున్న ఉద్దేశ్యము తక్కువది కాదు. కాలము గడచినకొలది ఆయన కర్మాగారమునుండి అసలు ఇంజనులను మరింత దగ్గరగా పోలిన బొమ్మలును వెలువడెను.

కొలత తప్పని మెకానో బద్దలు ఆటబొమ్మల హద్దును గూడ దాటెను. 1934లో మాంచెస్టరు విశ్వవిద్యాలయమున డగ్లస్ హార్ట్రీ అను శాస్త్రజ్ఞుడును, ఆర్థర్ పోర్టరు అను విద్యార్థియు మెకానో భాగములతోనే కఠినమైన గణితసమీకరణములను సాధించు యంత్రమును నిర్మించిరి. పిల్లల పెట్టెలోని చక్రములు శాస్త్రజ్ఞుల లెక్కలు తీర్చెను! రంధ్రములు సరియైన చోట ఉండుటయే దానికి మూలము.

హార్న్‌బీ ధనవంతుడయ్యెను. 1931లో లివర్పూలులోని ఎవర్టన్ నియోజకవర్గము నుండి బ్రిటిషు పార్లమెంటుకు ఎన్నికై, 1935 వరకు సభ్యుడుగా నుండెను. ఆయన సంస్థ నుండి వెలువడిన డింకీ అను చిన్న మోటారుకారుల బొమ్మలు గూడ ఆ కాలముననే ప్రసిద్ధికెక్కెను. కాని ఆరోగ్యము క్షీణించెను. గుండెజబ్బు, మధుమేహము ఆయనను బాధించెను. 1936వ సంవత్సరము సెప్టెంబరు 21వ తేదీన తన డెబ్బదిమూడవయేట ఫ్రాంక్ హార్న్‌బీ కన్ను మూసెను. పెద్ద కుమారుడు రోలండు సంస్థ భారమును వహించెను. పనిబల్ల కడ తండ్రి చేసిన రేకుబొమ్మలతో ఆడుకొన్న బాలుడే ఇప్పుడు ఆ కర్మాగారమునకు అధిపతి.

తండ్రి మరణించిన రెండేండ్లకు, 1938లో, ఆ సంస్థ హార్న్‌బీ డబ్లో అను క్రొత్త రైళ్లను వెలువరించెను. డబ్లో అనగా రెండు సున్నలు. బల్లమీదనే ఒక చిన్న రైలుమార్గమును పరచుకొనుటకు వీలైనంత చిన్నవి ఇవి. ఇందు స్కేలు అడుగునకు 4 మిల్లీమీటర్లు. అనగా అసలుది బొమ్మకంటె 76 రెట్ల కంటె కొంచెము పెద్దది. ఆనాడు ఇంగ్లండులో మిక్కిలి వేగముగల ఇంజను వర్గమునకు చెందిన ఒక ఇంజనును నమూనాగా తీసికొనిరి. అసలుది దాదాపు 71 అడుగుల పొడవు గలది. దానిని ఈ స్కేలుకు తగ్గించినచో 28 సెంటీమీటర్లకు పైన అగును. ఒక జానెడు పొడవునకు కొంచెము మించిన ఇంజనులో చక్రములు, పొగగొట్టము, బొగ్గుపెట్టె అన్నియు చాలవరకు తమ తమ పాళ్లలో ఒదిగెను.

ఐనను ఇచటను ఒక రాజీ కలదు. ఇంగ్లండులో అసలు పట్టాల నడిమి దూరము 4 అడుగుల 8న్నర అంగుళములు. అడుగునకు 4 మిల్లీమీటర్ల చొప్పున లెక్కించినచో బొమ్మపట్టాలు దాదాపు 18.8 మిల్లీమీటర్ల దూరమున ఉండవలెను. కాని ఉన్నది 16.5 మిల్లీమీటర్లు మాత్రమే. ఏల ఇట్లయినది? ఆ 16.5 మిల్లీమీటర్ల పట్టాలు సున్నలో సగమను గేజికి చెందినవి. దానికి తగిన స్కేలు అడుగునకు మూడున్నర మిల్లీమీటర్లు. అనగా అసలుది 87 రెట్లు పెద్దది. ఇంగ్లండు ఇంజనులు ఇతర దేశముల ఇంజనులకంటె సన్ననివి. వానిని 87వ వంతునకు తగ్గించినచో ఆనాటి మోటారు లోపల పట్టెడిది కాదు. అందుచే పట్టాలను అట్లే యుంచి, పై బండిని మాత్రము కొంచెము పెద్దది చేసిరి. బండి ఒక స్కేలు, పట్టాలు మరియొక స్కేలు! నాడు చేసిన ఆ సర్దుబాటు ఇంగ్లండు బొమ్మరైళ్లలో నేటికిని నిలిచియున్నది.

కనుక బొమ్మ ఇంజనులు సేకరింపగోరువారు పట్టాలమీద రెండు బండ్లును సరిగా కూర్చున్నవి గదా యని మోసపోరాదు. 20 మీటర్ల పొడవుగల ఒక పెట్టెను 76వ వంతు స్కేలున చేసినచో 26 సెంటీమీటర్లు అగును. 87వ వంతు స్కేలున చేసినచో 23 సెంటీమీటర్లే యగును. రెండును ఒకే పట్టాలమీద పరుగెత్తును. కాని ప్రక్కప్రక్కన నిలిపినచో అన్నదమ్ములలో ఒకడు బక్కచిక్కినట్లు కనబడును. అందుచేతనే అనుభవముగల సేకర్తలు పెట్టెమీద గేజిని చూచి తృప్తిపడక స్కేలును గూడ అడిగి తెలిసికొందురు.

మన దేశపు రైళ్ల విషయమున ఈ జాగ్రత్త మరింత అవసరము. భద్రాచలం రోడ్ స్టేషను పట్టాలు బ్రాడ్‌గేజివి. వాని నడిమి దూరము అయిదున్నర అడుగులు, అనగా 1676 మిల్లీమీటర్లు. అడుగునకు 4 మిల్లీమీటర్ల స్కేలున అవి 22 మిల్లీమీటర్లు కావలెను. అంగడిలో దొరకు 16.5 మిల్లీమీటర్ల పట్టాలమీద మన ఇంజను బొమ్మను నిలిపినచో, విశాలమైన మన పట్టాలు దానికి ఇరుకై తోచును. దీనిని తెలిసిన బాలుడు బొమ్మను చూచి ఊరక మురిసిపోడు. ఏది నిజమో ఏది సర్దుబాటో చెప్పగలడు.

మరియొక వింత వినుడు. పొడవు 76వ వంతునకు తగ్గినపుడు బరువు గూడ 76వ వంతే యగునని చాలమంది తలంతురు. అది పొరపాటు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడును తగ్గును గదా! 76ను 76తో గుణించి, మరల 76తో గుణింపవలెను. ఆ లబ్ధము 4,38,976. నూరు టన్నుల బరువుగల ఇంజనును అదే లోహముతో, లోపలి భాగములతో సహా ఆ స్కేలున చేయగలిగినచో, దాని బరువు పావు కిలోకు మించదు! ఒక పిల్లవాడు అరచేత ఎత్తగలడు. అసలు ఇంజను తన బరువు చేతనే పట్టాలను అదిమిపట్టి బండ్లను లాగును. బొమ్మకు అంత బరువు లేనందున కొన్నిట లోపల సీసపు ముక్కలను అమర్చుదురు. కొలత మారినచో వస్తువు స్వభావము గూడ కొంత మారునని దీనివలన తెలియుచున్నది.

హార్న్‌బీ స్థాపించిన సంస్థ 1964లో పరుల వశమయ్యెను. బిన్స్ రోడ్డు కర్మాగారము 1979లో మూతపడెను. కాని బొమ్మరైళ్ల మీద హార్న్‌బీ పేరు నేటికిని నిలిచియున్నది. ఆయన నాటి రేకు రైళ్లను భద్రపరచువారు 1969లో ఇంగ్లండులో ఒక సంఘముగా ఏర్పడిరి. రంగు వెలిసిన ఒక ఇంజనును, దాని అసలు అట్టపెట్టెతో సహా, వారు అపురూపముగా దాచుకొందురు.

విద్యార్థులారా! మీకు అట్టి విలువగల బొమ్మలు లేవని చింతింపవలదు. ఒక అడుగుబద్దయు, కొంచెము అట్టయు, కత్తెరయు ఉన్నచో చాలును. మీ తరగతి బల్ల పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచి, అన్నిటిని ఒకే అంకెతో భాగించి, అట్టతో ఒక చిన్న బల్లను చేయుడు. ఒక్క కాలు కొలత తప్పినను అది సరిగా నిలువదు. అపుడు లివర్పూలులో రాత్రివేళ దీపము యెదుట కూర్చుండి, తన కుమారుల కొరకు అర అంగుళమునకు ఒక రంధ్రము చొప్పున పొడుచుచున్న ఆ గుమాస్తా మీకు గుర్తుకు వచ్చును. ఆయనకు విద్యలు తక్కువ, ధనము తక్కువ. ఓర్పు మాత్రము తక్కువ కాలేదు. ఒక చిన్న కొలతను నమ్మి, దానిని తప్పకుండుట వలననే ఆయన పెద్దవాడయ్యెను.